కాళ్లతో నవ్వేవాళ్లు

పళ్ల డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకున్నవాడు ఏడవనూ లేడు, నవ్వనూ లేడు. నోరు బార్లా తెరిచి ఉంటుంది. అందులో ఒక అద్దం, ఒక గొట్టం, డాక్టరుగారి రెండు వేళ్లు. పైనుంచి కళ్లలోకి దీపం. అలాంటివాడికి ఎవరైనా జోకులు చెబుతారా? నర్సమ్మ చెప్పేది.

ఆమె నర్సు చదువేం చదవలేదు. పెళ్లైన కొత్తలో ఆ గదులు ఊడ్చి తుడవడానికి చేరింది. నోట్లో ఊరే నీళ్లు లాగే గొట్టం పట్టుకునే మనిషి ఒకరోజు రాకపోతే, డాక్టరుగారు "నువ్వు పట్టుకో" అన్నారు. ఆనాడు పట్టుకున్నది ఇంకా వదల్లేదు. కుర్చీ ఎక్కిన ప్రతివాడూ బిక్కచచ్చిపోయి "నర్సమ్మా, నొప్పెడుతుందా?" అని అడగబట్టి ఆ పేరే స్థిరపడింది.

డాక్టరుగారిది మాటల పిసినారితనం. రోజు మొత్తం మీద ఆయన నోటివెంట వచ్చేవి "తెరవండి", "ఇంకొంచెం", "అయిపోయింది". ఆ చివరిది చాలాసార్లు అబద్ధం. మిగతా మాటల బరువంతా నర్సమ్మ మీద పడింది. ఆమెకి అది బరువు కాలేదు. చేత్తో గొట్టం పట్టుకుని, నోటితో ఊరి సంగతులన్నీ ఒకదాని తోక ఇంకోదానికి ముడేసి చెప్పుకుపోయేది. ఆమె మాట్లాడుతుంటే కుర్చీలోవాడు కదలకుండా పడి ఉండేవాడు. పని సాఫీగా సాగేది. అందుకే డాక్టరుగారు ఆమెని ఒక్కనాడూ "ఇక చాలు" అనలేదు.

వాళ్లు నవ్వుతున్నారో లేదో ఎలా తెలిసేదంటే, కాళ్లని బట్టి. నవ్వు కాలవ నీళ్లలాంటిది. ఒక మడికి గండి మూస్తే ఇంకో మడిలోకి తోసుకుంటుంది. నోరు పనిలో ఉంటే కాళ్లలోంచి వస్తుంది. భయపడ్డవాడి బూట్లు నిటారుగా కప్పుకేసి చూస్తుంటాయి. మాట తగలగానే రెండు మొనలూ ఒకదాన్నొకటి తట్టుకుంటాయి. బాగా తగిలితే మడమలు కుర్చీ మీద దరువేస్తాయి. మనిషి ముఖంతో అబద్ధమాడగలడు గానీ కాళ్లకి అంత తెలివి లేదు.

నర్సమ్మ చదవలేని కాళ్లు ఒక జత ఉన్నాయి. అవి మొగుడివి. ఆయన టైల్స్ మేస్త్రీ. పగలంతా మోకాళ్ల మీదే బతుకు. ఇంటికొస్తే పాదాలు లోపలికి మడిచి మఠం వేసుకుని కూర్చుంటాడు. పడుకుంటే దుప్పటి ముసుగు. ముఖమా, ఆరిన సిమెంటు. ఆమె ఎంత గొప్ప జోకు చెప్పినా "ఊఁ" అనేవాడు. పెళ్లినాటి నుంచీ అదే "ఊఁ".

"గోడకి చెప్పినా పెచ్చులైనా రాలతాయి," అనేది నర్సమ్మ.

"ఊఁ," అనేవాడు ఆయన.

ఒకరోజు కాఫీ హోటల్ ఆయన దవడ పన్ను పట్టుకుని వచ్చాడు. లావాటి మనిషి. ఆయన కాళ్లు చేసిన గోలకి డాక్టరుగారు రెండుసార్లు డ్రిల్లు బయటికి తీయాల్సి వచ్చింది. పని అయ్యాక, మత్తు వదలని సగం మూతితో, కళ్లు తుడుచుకుంటూ ఆయనే మొదలుపెట్టాడు.

"నర్సమ్మా, మా హోటల్ మేడ మీద ఒక హాలుంది. ఆదివారం మధ్యాహ్నాలు జనం వస్తారు. ఒక్కొక్కరే మైకు ముందు నిలబడి జోకులు చెప్తారు. స్టాండప్ అంటారు దాన్ని. నువ్వు రావాలి."

"ఇక్కడ కూడా నేను నిలబడే చెప్తున్నాను కదండీ."

"అక్కడ వినేవాళ్లు కూర్చుని ఉంటారమ్మా. నోరు మూసుకుని."

"నోరు మూసుకున్నవాళ్లకి చెప్పడం నాకు అలవాటు లేదండీ."

ఆయన పడీ పడీ నవ్వాడు. మూతి సగం పనిచేయడం లేదు కాబట్టి ఆ నవ్వు నవ్వులా లేదు, గాలి పోతున్న ట్యూబులా బుస్సుమంది. అయినా నర్సమ్మ గుండె ఝల్లుమంది. ఇన్నేళ్లలో తన మాటకి ఎదుటి మనిషి నోట్లోంచి చప్పుడు రావడం ఆమె వినలేదు. సగం మూతికే ఇలా ఉంటే హాలు నిండా మూతులుంటే ఎలా ఉంటుందో! ఒక్కసారి వినాలి అనిపించింది. అనిపించిందంటే ఊరికే కాదు, పిప్పిపన్ను సలిపినట్టు. పడుకున్నా లేచినా అదే.

మొదటి ఆదివారం మేస్త్రీ రాలేదు. ఎవరింట్లోనో నేల సగంలో ఉంది, సిమెంటు ఆగదు. అత్తయ్య వచ్చింది. వద్దన్నా వినే మనిషి కాదు. "నువ్వు నా గురించి ఏం వాగుతావో నేను వినొద్దటే?" అని చీర మార్చుకుని, గ్లాసులో నానేసిన పళ్ల సెట్టు తీసి పెట్టుకుని, కోడలి కంటే ముందే గుమ్మం దిగింది.

మేడ మీద హాలు చిన్నదే. విడి కుర్చీలు, ఒక మైకు, వెనక గోడకి ఎర్ర బల్బు. "అది వెలిగితే నీ టైము అయిపోయినట్టు," అని హోటల్ ఆయన చూపించాడు. అత్తయ్య ఫ్యానుందని వెనక వరసకి పోయింది. ముందు వరసలో ఎవరూ కూర్చోలేదు. ఎక్కడ తమ మీదే జోకు వేస్తారోనని భయం.

నర్సమ్మ మైకు ముందు నిలబడింది. పైనుంచి దీపం సూటిగా కళ్లలోకి కొట్టింది. ఇన్నాళ్లూ ఆ దీపాన్ని ఎదుటివాళ్ల మీదికి తిప్పింది తనే. అదెలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ముఖాలు కనపడవు. కాళ్లు చూద్దామంటే ముందు వరస ఖాళీ. ఇక ఆమెకి తెలిసిన విద్య ఒక్కటే మిగిలింది. చెప్పుకుపోవడం.

"పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఆ రోజు పొద్దున్న పళ్లు తోముకుని వస్తారండీ ఏడాది పొడుగునా తోమనివాళ్లు కూడా పరీక్ష రోజు పుస్తకం కొన్నట్టు మొన్న ఒకాయన కుర్చీలో పడుకుంటే మీ అమ్మాయికి సంబంధం కుదిరిందా అని అడిగానండీ..."

చీకట్లో ఎక్కడో కిసుక్కుమన్న చప్పుడు వచ్చింది. అది నవ్వో దగ్గో తేల్చుకునేలోపు ఆమె తర్వాతి మాట దాని నెత్తిన పడింది. ఇంకోచోట ఎవరో "హ" అన్నారు. రెండో "హ" రాలేదు. గింజలు చల్లి మట్టి కప్పకుండా పరుగెత్తినవాడిలా ఆమె జోకులు చల్లుకుంటూ పోయింది. చివరిదీ చెప్పేసి తలెత్తి చూస్తే ఎర్ర బల్బు ఇంకా వెలగలేదు. టైముంది. చెప్పడానికి మాత్రం ఏమీ లేదు.

"అయిపోయింది," అంది, అచ్చం డాక్టరుగారిలా. ఈసారి మాత్రం అది నిజం.

హోటల్ ఆయన మెట్ల దగ్గర కలిశాడు. మంచివాడు కాబట్టి ముందు కాఫీ ఇప్పించాడు. "నర్సమ్మా, మైకు కోసం చాలామంది కాచుకుని ఉన్నారు. వచ్చే ఆదివారం ఇంకొక్కసారి ఇస్తాను. అదీ ఇలాగే అయితే నన్నింక అడగొద్దు. నువ్వడిగితే నేను కాదనలేను, అందుకే ముందే చెప్తున్నా."

ఇంటికి చేరేసరికి మేస్త్రీ వసారాలో మోకాళ్ల దుమ్ము దులుపుకుంటున్నాడు.

"నవ్వారా?"

"ఎవరూ నవ్వలేదు," అంది నర్సమ్మ.

"అబద్ధం," అంది అత్తయ్య. "నవ్వబోయారు. ఇదే నవ్వనివ్వలేదు."

"నేనేం చేశాను అత్తయ్యా?"

"ఊపిరాడనిచ్చావటే? ఒకటి మింగేలోపు ఇంకోటి కుక్కావు. నా పక్కన పెద్దాయన నవ్వబోయి, నీ మాట వినపడదని తన నోరు తనే నొక్కుకున్నాడు పాపం. ఇక నా సంగతి. నేను నవ్వాలంటే ముందు చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. లేకపోతే పై సెట్టు ఎగిరి ఎవరి ఒళ్లో పడుతుందో తెలీదు. నేను చెయ్యి పెట్టుకునేసరికి నువ్వు పొరుగూరు పోయావు."

మేస్త్రీ చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"టైలుకీ టైలుకీ మధ్య సందు వదలాలి," అన్నాడు. "వదలకపోతే ఎండకి ఉబ్బి పైకి లేస్తాయి. ఎంత మంచి టైలైనా సరే."

అంత పొడుగు మాట ఆయన నోటివెంట వచ్చి చాలాకాలమైంది. ఇంకో రోజైతే ఆమె మురిసిపోయేదే. కానీ ఒళ్లు మండి ఉంది.

"మన బాత్‌రూములో మీరు ఏకంగా టైలంత సందు వదిలారు. అదెందుకో?"

"ఊఁ," అన్నాడు మేస్త్రీ.

తెలియడం వేరు, నాలుక వినడం వేరు. వంటింట్లో అత్తయ్యని కూర్చోబెట్టి చెప్పి చూసింది. ప్రతి జోకుకీ ఆగాలి అనుకుంటుంది. ఆగేసరికి ఆ నిశ్శబ్దం నూతిలా కనిపిస్తుంది. భయమేసి తర్వాతి మాట అందులో పడేస్తుంది. "ఆగవే," అని అత్తయ్య గరిటె ఎత్తితే, గరిటె మీద కూడా ఒక జోకు చెప్పింది. అలవాటు పడిన ఎద్దు చూపిన దారిన పోదు, తెలిసిన దారినే పోతుంది.

దాంతో మనసు విరిగింది. డాక్టరుగారి దగ్గర కూడా నోరు మెదపడం మానేసింది. గొట్టం పట్టుకుని మౌనంగా నిలబడేది. ఆ రోజు కుర్చీలో లెక్కల టీచరమ్మ ఉంది. పిల్లలు ఆవిడ నీడ చూసి పక్కకి తప్పుకుంటారని పేరు. ఆవిడ చెప్పులు రెండూ కర్రలా బిగిసి కప్పుకేసి చూస్తున్నాయి.

డాక్టరుగారు పని ఆపి, "కాళ్లు బిగిశాయి," అన్నారు. కాసేపాగి, "మాట్లాడమ్మా," అన్నారు.

డాక్టరుగారు ఆమెని మాట్లాడమనడం అదే మొదలు. కాదనలేక నర్సమ్మ ఆ పాత సంబంధం కథే ఎత్తుకుంది. "మొన్న ఒకాయన్ని 'మీ అమ్మాయికి సంబంధం కుదిరిందా' అని అడిగానండీ. ఆయన నోరు తెరిచి 'ఆఁ... ఆఁ...' అన్నాడు. 'కుదిరిందట డాక్టరుగారూ' అన్నాను. 'పిల్లాడిది మంచి ఉద్యోగమేనా' అంటే 'ఆఁ' అన్నాడు. 'పెళ్లి దగ్గర్లోనేనా' అంటే ఇంకా గట్టిగా 'ఆఁ' అన్నాడు. తర్వాత తెలిసింది, ఆయనకి అసలు ఆడపిల్లే లేదు. నొప్పికి అరిచాడు."

టీచరమ్మ చెప్పులు ఒకసారి తట్టుకున్నాయి. డాక్టరుగారు డ్రిల్లు పైకెత్తారు. నర్సమ్మ రోజూ అనే మాటే అంది. "పుక్కిలించి ఉమ్మేయండి."

ఆ మాట అన్నాక ఆమె ఎప్పుడూ వెనక్కి తిరిగి కుళాయి కింద గొట్టం కడుక్కుంటుంది. నీళ్ల హోరులో ఏమీ వినపడదు. ఆ రోజు కుళాయి సన్నగా కారుతోంది. నీళ్లెందుకు రావట్లేదో అని ఆమె తల తిప్పింది. టీచరమ్మ బుగ్గల నిండా నీళ్లు పట్టుకుని పుక్కిలిస్తోంది. ఉన్నట్టుండి ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. భుజాలు ఎగిరిపడ్డాయి. మరుక్షణం ఆ నీళ్లన్నీ డాక్టరుగారి కళ్లజోడు మీదున్నాయి. టీచరమ్మ తొట్టి అంచు పట్టుకుని, ఊపిరందక, చిన్నపిల్లలా కేరింతలు కొడుతూ నవ్వుతోంది.

నర్సమ్మ గొట్టం పట్టుకుని నిలబడిపోయింది.

డాక్టరుగారు తాపీగా కళ్లజోడు తుడుచుకున్నారు. "రోజూ ఉండేదే," అన్నారు.

"రోజూనా?"

"పుక్కిలించేటప్పుడే నవ్వుతారు. నీ పుణ్యమా అని నాకు రోజూ స్నానమే."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు చేరినప్పటి నుంచి."

"మరి నాకు చెప్పలేదేం డాక్టరుగారూ?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆలోచించారు. "నువ్వు అడగలేదు," అన్నారు.

ఆ పూట నర్సమ్మ కుళాయి దగ్గరికి వెళ్లలేదు. గొట్టం తర్వాత కడగొచ్చు. జోకు చెప్పడం, డాక్టరుగారు చెయ్యెత్తడం, "పుక్కిలించి ఉమ్మేయండి" అనడం, ఇటే తిరిగి నిలబడటం. ఒకళ్లు ముక్కులోంచి నవ్వారు. ఒకళ్లు నీళ్లు మింగేసి నవ్వారు. ఒక ముసలాయన మాత్రం నవ్వకుండా శుభ్రంగా ఉమ్మేసి, చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లి, అక్కడ గోడ పట్టుకుని నవ్వాడు. నవ్వుకి ఒక్కో మనిషి దగ్గర ఒక్కో దూరం ఉంటుందని ఆమెకి అప్పుడు అర్థమైంది. ఆగడమంటే నోరు మూసుకోవడం కాదు, ఎదుటివాళ్లకి నీళ్ల గ్లాసు అందించడం. అది ఆమెకి వచ్చిన పనే.

రెండో ఆదివారం ముగ్గురొచ్చారు. డాక్టరుగారు ఇస్త్రీ చొక్కాలో కొత్త పెళ్లికొడుకులా ఇబ్బందిగా ఉన్నారు. అత్తయ్య మెట్ల మీదే షరతు పెట్టింది. "నా పళ్ల గురించి చెప్పుకో, నాకేం పర్లేదు. కానీ తెల్లగా ఉంటాయని కూడా చెప్పాలి." మేస్త్రీ పండగ గిన్నెల్లా తోమిన బూట్లు వేసుకొచ్చాడు. వాటి కుట్ల సందుల్లో మాత్రం తెల్ల సిమెంటు అలాగే ఉంది.

"ముందు వరసలో కూర్చోండి," అంది నర్సమ్మ.

"ముందా?" అన్నాడు మేస్త్రీ. కుర్చీ మీద మఠం వేయడం కుదరదు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అటూ ఇటూ సర్ది, చివరికి నేలకి ఆనించాడు.

దీపం కళ్లలో పడింది. ముఖాలు మాయమయ్యాయి. దీపం వెలుగు ముందు వరస కాళ్ల దాకా పారి అక్కడ ఆగింది. అత్తయ్య చెప్పులు, డాక్టరుగారి నల్ల బూట్లు, పక్కన సిమెంటు బూట్లు.

"పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఆ రోజు పొద్దున్న పళ్లు తోముకుని వస్తారండీ. ఏడాది పొడుగునా తోమనివాళ్లు కూడా. పరీక్ష రోజు పుస్తకం కొన్నట్టు."

పుక్కిలించి ఉమ్మేయండి, అనుకుంది మనసులో.

ఏమీ రాలేదు. నుయ్యి నోరు తెరిచింది. తర్వాతి మాట నాలుక చివర దూకడానికి సిద్ధంగా ఉంది. ఆమె మైకు కడ్డీని గొట్టంలా బిగించి పట్టుకుంది. నీళ్లు నోట్లోనే ఉన్నాయి, తొందరపడకు. ఎడమవైపు ఒకరు నవ్వారు. ఆ నవ్వు చూసి పక్కవాళ్లు. అది వరస వెనక వరసకి పాకి, గోడ తాకి తిరిగొచ్చింది.

ఇదా! ఇలా ఉంటుందా!

సంబంధం కథ చెప్పింది. ఆగింది. హాలు హాలంతా ఘొల్లుమంది. బాత్‌రూము సంగతి ఎత్తుకుంది. "మా ఆయన టైల్స్ మేస్త్రీ అండీ. ఊళ్లో బాత్‌రూములన్నీ అద్దాల్లా ఉంటాయి, మాదొక్కటి తప్ప. పెళ్లైన కొత్తలో మా ఇంట్లో ఒక టైలు ఊడింది. 'రేపు వేస్తా' అన్నారు. ఆ 'రేపు' ఇప్పుడు మీసాలొచ్చి కాలేజీకి వెళ్తోంది." ఆగింది. ఈసారి నవ్వు తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది.

"మా అత్తయ్యకి పళ్ల సెట్టు ఉందండీ. నా మీద కోపమొస్తే తీసి గ్లాసులో పడేస్తుంది, నాతో మాట్లాడనని చెప్పడానికి. నేను వంట చేసుకుంటూ అలా చూస్తే, గ్లాసులోంచి ఆ పళ్లు ఇకిలిస్తుంటాయి. నాకు కోపం రాదండీ. మా ఇంట్లో నన్ను చూసి నవ్వేవి అవొక్కటే."

ఆ చివరి మాటకి ఆమె గొంతు కొంచెం తడబడింది. జోకు రాసుకున్నప్పుడు అందులో నిజం ఉందని ఆమె అనుకోలేదు. ఆ తడబాటులో, మనసులో అనుకోవాల్సిన మాట పైకొచ్చేసింది. రోజూ అనే గొంతుతోనే, నెమ్మదిగా, అధికారంగా.

"పుక్కిలించి ఉమ్మేయండి."

హాలు ఒక్క క్షణం నివ్వెరపోయింది. ముందు వరసలో డాక్టరుగారు, చేతిలో ఏమీ లేకపోయినా, అలవాటుకొద్దీ కుడిచెయ్యి పైకెత్తారు. అది చూసి వెనకెవరో నోట్లో ఉన్న కాఫీ నిజంగానే ఉమ్మేశారు. అంతే. కుర్చీలు కిర్రుమన్నాయి, ఎవరో తొడలు చరుచుకున్నారు, అత్తయ్య రెండు చేతులూ మూతికి అడ్డం పెట్టుకుని ముందుకి వంగిపోయింది.

నర్సమ్మకి ముఖాలు కనపడలేదు. కింద చూసింది. సిమెంటు బూట్లు రెండూ మొనలు తట్టుకుంటున్నాయి. ఒకసారి కాదు, ఆగకుండా. కాసేపటికి మడమలు కూడా లేచి నేల మీద దరువు మొదలుపెట్టాయి. పైన ముఖం ఎలా ఉందో ఆమె చూడనక్కర్లేదు. ఆరిన సిమెంటే అయి ఉంటుంది.

ఆమె ఇంకా చూస్తుండగానే వెనక ఎర్ర బల్బు వెలిగింది. చెప్పాల్సినవి సగానికి సగం మిగిలే ఉన్నాయి.

మెట్ల దగ్గర హోటల్ ఆయన చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "మిగిలినవి ఎవరికీ చెప్పకు. వచ్చే ఆదివారానికి కావాలి."

దారి పొడుగునా అత్తయ్య సణుగుతూనే ఉంది. "తెల్లగా ఉంటాయని చెప్పనే లేదు."

"బల్బు వెలిగింది అత్తయ్యా. వచ్చే ఆదివారం మొదట అదే."

"అదే చెప్పు. ముత్యాల్లా అని చెప్పు."

మేస్త్రీ వెనకాల నడుస్తున్నాడు. నర్సమ్మ అడుగు తగ్గించి ఆయన పక్కకి వచ్చింది. "మీకెలా ఉంది?"

"ఊఁ," అన్నాడు.

ఆమె మళ్లీ అడగలేదు. ఇంటికి వెళ్లాక ఆయన బూట్లు విప్పి, ఎప్పటిలా వసారాలో కూర్చుని, పాదాలు లోపలికి మడుచుకోబోయాడు.

"మడవకండి," అంది నర్సమ్మ. "కాళ్లు చాపుకుని కూర్చోండి."

"ఎందుకే?"

"నాకు పనుంది."

ఆయన ఆమెని ఎగాదిగా చూసి, ఏమనుకున్నాడో, కాళ్లు చాపాడు. నర్సమ్మ ఆ పాదాలకి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"మిగిలిపోయినవాటిలో ఒకటి చెప్తాను, వినండి," అంది.